నున్నగా వదిలిన గ్రహం

మా నక్షత్రశాలలో టికెట్లు ఇచ్చేది నేను. గోళాల బాబాయి గురించి చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఆయన వర్క్‌షాపు తాళంచెవి ఆ పెద్దమనిషి చేతిలో పెట్టింది నేనే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

బాబాయి మొదట్లో ఇళ్ళ పైకప్పులకు ప్లాస్టర్ పువ్వులు పోసేవాడు. ఆయన అక్కకు తొమ్మిదో ఏట జ్వరంలో చూపు పోయింది. అప్పటిదాకా డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన పిల్ల, ఆ తర్వాత రోజూ ఒకటే గొడవట: "ఒరేయ్ తమ్ముడూ, ఇవాళ చందమామ ఎలా ఉందిరా?" ఎన్నని చెబుతాడు? పనిలో చేరిన మొదటి ఏడే మిగిలిన ప్లాస్టర్‌తో చందమామను పోసి అక్క ఒళ్ళో పెట్టాడు. ఆ గోళాన్ని చూసే మా వాళ్ళు పిలిచి నక్షత్రశాలకు గోళాలు పోసే ఉద్యోగమిచ్చారు.

అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉండేది. వేలికి గుంట తగిలితే అక్కడ నిజంగా గుంట ఉన్నట్టు. గరుకు తగిలితే ఎవరో చూసి కొలిచినట్టు. నున్నగా ఉంటే, ఇంకా ఎవరికీ తెలియదని అర్థం. అంతే. ఊహించి ఒక్క గీత కూడా గీసేవాడు కాదు బాబాయి. "కళ్ళున్నవాళ్ళకు అబద్ధం చెబితే ఇంకోచోట చూసి తెలుసుకుంటారమ్మాయ్. అక్క ఎక్కడ చూస్తుంది?" అనేవాడు.

మా ఆఫీసరు ఒకప్పుడు బాబాయి దగ్గర అచ్చులకు నూనె రాసినవాడే. పరీక్షలు రాసి పైకొచ్చాడు. ఇద్దరిదీ ఇరవై ఏళ్ళ స్నేహం. మధ్యాహ్నం ఒకే డబ్బాలో తినేవాళ్ళు. అన్నా అంటే అన్నా అనుకునేవాళ్ళు. ఈ ఏడు ఆయనే ఒక కాగితం పట్టుకొచ్చాడు.

"అన్నా, కొత్త గ్రహం. కాంతికే నూట పదేళ్ళు పట్టేంత దూరం. భూమికి పెద్దన్న లాంటిది. నువ్వే పోయాలి."

"ఏం తెలుసు దాని గురించి?"

"అది తిరిగే చుక్కకు అడ్డం వచ్చినప్పుడు వెలుగు ఎంత తగ్గిందో చూసి సైజు కట్టారు. భూమికి ఒకటిన్నర రెట్ల పైచిలుకు వెడల్పు. చుక్కను ఎంత ఊపుతోందో చూసి బరువు కట్టారు. ఆరు భూముల బరువు. పదకొండు రోజులకే దానికి ఏడాది గడిచిపోతుంది."

"నేల ఎలా ఉంటుంది?"

"అది ఎవడికి తెలుసు!"

"అయితే నున్నగా పోస్తాను," అన్నాడు బాబాయి. ఆఫీసరు నవ్వి సరేనన్నాడు. నా చెవులతో నేను విన్నాను.

పది సెంటీమీటర్ల భూమి, కచ్చితంగా కిలో. పదహారు సెంటీమీటర్ల కొత్త గ్రహం, కచ్చితంగా ఆరు కిలోలు. ఒక్కో గోళానికి రెండు సగం చిప్పలు పోసి, లోపల సీసపు గుండ్లు కుదురుగా నింపి, అతుకు కనబడకుండా ఉప్పుకాగితంతో నాలుగు రోజులు రుద్దాడు. నా చేతుల్లో పెట్టి చూడమన్నాడు. అమ్మో, భుజాలు కిందికి లాగేశాయి!

"అక్కడ నిలబడితే మన ఒళ్ళు మనకే రెండింతల పైన బరువమ్మాయ్," అన్నాడు మురిసిపోతూ. నా ఒళ్ళు ఇక్కడే మోయలేకపోతున్నాను బాబాయ్ అన్నాను. ఇంట్లో అక్కకు మూడు వారాలుగా ఇదే ఊరింపు. "ప్రారంభం రోజున నీ చేతికిస్తా. కాళ్ళు ఎడంగా పెట్టి పట్టుకో, నడుం పట్టేస్తుంది."

ఇంతలో బాబాయికి జ్వరం వచ్చి మూడు రోజులు పడుకున్నాడు. తాళంచెవి నా దగ్గర ఉంచి వెళ్ళాడు. ఆఫీసరు వచ్చి, "గోళం కాస్త తుడిపించాలమ్మా," అన్నాడు. ఇచ్చాను. ఆయన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

ప్రారంభం రోజు బాబాయి నీరసంగా, అక్క చెయ్యి పట్టుకుని తిన్నగా హాల్లోకే వచ్చాడు. గోళం మీద గుడ్డ కప్పి ఉంది. ముఖ్య అతిథి గుడ్డ లాగాడు. చప్పట్లు మారుమోగాయి. నీలం సముద్రాలు, ఆకుపచ్చ కొండలు, తెల్లటి మబ్బులు, అన్నీ పుట్టీతో ఉబ్బెత్తుగా తీర్చినవి. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన నోరు తెరిచేలోపు అక్క ముందుకొచ్చేసింది. కింద రేకు పలక ఉందా, ఏం రాశారో చదవమని నన్నడిగింది. నేనొక తెలివితక్కువదాన్ని, "తయారుచేసింది మీ తమ్ముడే, పేరు పెద్ద అక్షరాల్లో వేశారు," అని గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వింది. కాళ్ళు ఎడంగా పెట్టింది, ఊపిరి బిగబట్టింది, బలమంతా కూడదీసి గోళాన్ని ఎత్తింది.

చేతులు గభాలున గడ్డం దాకా లేచాయి.

"ఇదేమిట్రా, డొల్ల?" అంది. తర్వాత వేళ్ళు కదిలాయి. కొండల వరస మీద పోయాయి, సముద్రం ఒడ్డున ఆగాయి. "కొండలున్నాయి! ఎవరు చూశార్రా? నాకు చెప్పనేలేదే?"

బాబాయి ఆఫీసరు వైపు చూశాడు. ఆ మహానుభావుడు నీళ్ళు నమిలాడు. "అది కాదన్నా... బూడిదరంగు బంతిని ఎవడు చూస్తాడు చెప్పు? ఆరు కిలోలు పిల్లల కాళ్ళ మీద పడితే ఎవడు జవాబు చెప్పాలి? అందుకే అతుకు విప్పించి గుండ్లు తీయించాను. పేరు మాత్రం నీదే వేయించాను కదా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. పేరట! తీసిందేమో మనిషి మాట, ఇచ్చిందేమో రేకు ముక్క.

"నేను చెయ్యలేదక్కా," అన్నాడు బాబాయి. "ఒట్టు. నాకు తెలియదు."

అక్క గోళాన్ని మెల్లగా పీట మీద పెట్టింది. తమ్ముడి మొహం ఎటుందో అటు తిరిగి, "సరేలేరా. మరి ఇదివరకు నా చేతికిచ్చిన శుక్రుడి మీది కొండలు? అంగారకుడి మీది లోయ? అవి ఎవరు చేశారు?" అని అడిగింది. తిట్టలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బాబాయి అన్నీ నేనేనన్నాడు. ఆవిడ తల ఊపింది. నమ్మిందో లేదో నాకు అర్థం కాలేదు.

బాబాయి మళ్ళీ ఆఫీసరుతో మాట్లాడలేదు. ఇప్పుడు వేరే డబ్బా తెచ్చుకుని ఒక్కడే తింటాడు. మా హాల్లో ఆ రంగుల బంతి ఇప్పటికీ ఉంది, దాని ముందు జనం ఫోటోలు దిగుతూనే ఉన్నారు. పలక మీది పేరు మాత్రం బాబాయి స్వయంగా గీకేశాడు.

నెల తిరక్కుండా ఇంట్లోనే ఇంకోటి పోశాడు. పదహారు సెంటీమీటర్లు, ఆరు కిలోలు, ఎక్కడ తడిమినా నున్నన. ఆదివారం నన్నూ రమ్మన్నాడు. తాళంచెవి సంగతి ఆవిడతో చెప్పి క్షమించమన్నాను. "పోనీలేమ్మా, నీకేం తెలుసు," అంది.

గోళాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు తడిమింది. రెండో చేతిలో కిలో భూమిని పట్టుకుని తూచింది.

"బరువుగానే ఉందిరా తమ్ముడూ," అంది. "ఇదివరకైతే చేతికిస్తే చాలు, నమ్మేసేదాన్ని. ఇప్పుడు దీని బరువు ఇంతేనని ఈ అమ్మాయి చేత ఒకసారి చెప్పించు."

బాబాయి నావైపు చూశాడు. ఇంతేనని చెప్పాను.