కాజాలక్క భర్త గురించి నేనన్న మాట

ఊరి బడిలో అయిదో తరగతితో నా చదువు సరి. ఆ తర్వాత నలభై రెండేళ్ళు కత్తెర పట్టాను. బ్యాండు మేళం వాళ్ళకు ఇరవై నాలుగు ఎర్రకోట్లు రెండు రోజుల్లో కుట్టిచ్చాను. జడ్జిగారి నల్లకోటు మూడుసార్లు నా చేతిమీదుగానే వెళ్ళింది. దర్జీల సంఘం వాళ్ళు వేలికి తొడుక్కునే వెండి అంగుస్తానా బహుమతిగా ఇచ్చారు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు పెట్టకుండానే నడుం కొలత చెప్పేవాణ్ణి. ఇవన్నీ గొప్పకు చెప్పడం లేదంటే అబద్ధమే. గొప్పకే చెప్పుకుంటూ వచ్చాను. ఆ గొప్పే కాజాలక్క కొంప ముంచింది.

కాజా అంటే బొత్తాం దూరే కన్నం. మిషన్ మీద ఎవరైనా కొడతారు. చేత్తో కుట్టడం వేరు. పద్దెనిమిదేళ్ళుగా నా కొట్టులో కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని కాజాలు కుట్టేది ఆమె. ఒక్క కాజాకీ దారం పిసరు బయటికి రాదు. ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు మా వీధిలో లేరు. నేను గిరాకీల ముందు నా బిరుదులు ఏకరువు పెడుతుంటే తలెత్తకుండానే అనేది:

"మాస్టారూ, కత్తెర కంటే మీ నోరే పదును. దానికి కాస్త తుప్పు పట్టనివ్వండి."

గిరాకీలు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఆమె భర్త కోర్టు దగ్గర టైపిస్టు. నెమ్మదైన మనిషి, పెళ్ళాం ఎంత అంటే అంత. ఒక మధ్యాహ్నం, ఆమె దారం కొనడానికి బజారుకు వెళ్ళిన సమయం చూసుకుని వచ్చాడు. బూడిదరంగు ప్యాంటు కావాలన్నాడు.

"మాస్టారూ, లోపల ఒక దొంగ జేబు పెట్టండి. ఎవరికీ కనిపించకూడదు. ముఖ్యంగా మా ఆవిడకు తెలియకూడదు."

"నేను కుట్టిన దొంగ జేబు దొంగకు కూడా దొరకదు లెండి," అన్నాను.

నడుం పట్టీ లోపల, ఎడమవైపు, అస్తరు గుడ్డ మడత కింద పెట్టాను. అంత తీరుగా కుదిరినందుకు ఆ రోజంతా నాలో నేనే మురిసిపోయాను. ఆమెకు మాత్రం చెప్పలేదు. గిరాకీ గుట్టు బయటపెట్టనివాణ్ణని నాకొక పేరు.

మూడు వారాల తర్వాత టైపిస్టు కోర్టుకని బయలుదేరి కోర్టుకు చేరలేదు. ఇంటికీ రాలేదు.

మూడో రోజు టీ కొట్టు దగ్గర అదే చర్చ. అప్పులు చేశాడేమో అని ఒకడు, కోర్టు కాగితం ఏదో మార్చాడేమో అని ఇంకొకడు. ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనిపించింది నాకు. గ్లాసు బల్లమీద పెట్టి గొంతు సవరించుకున్నాను.

"నలభై రెండేళ్ళ అనుభవంతో చెబుతున్నా. పెళ్ళానికి తెలియకుండా లోపల జేబు కుట్టించుకున్నాడంటే డబ్బు దాచుకోవడానికే. దూరం పోయేవాడే అలా కుట్టించుకుంటాడు. ఒంటరిగా పోతాడా అనేది మీరే ఆలోచించుకోండి."

వాళ్ళు బాగానే ఆలోచించుకున్నారు. ఎవరో నా మాటల్ని ఫోనులో వీడియో తీశారు కూడా. సాయంత్రానికల్లా టైపిస్టుకు ఒక ఆడమనిషి పుట్టుకొచ్చింది. మర్నాటికి ఆమెకు బ్యూటీపార్లరు, రెండిళ్ళు కూడా అమిరాయి. కాజాలక్క కూతురు పోలీసు స్టేషనుకు వెళ్ళి అడిగితే ఎస్సై అన్నాడట: "ఇష్టపడి పోయినవాణ్ణి ఎక్కడని వెతుకుతామమ్మా?"

తొమ్మిదో రోజు తల్లీకూతుళ్ళు లోకల్ చానల్లో కనిపించారు. కొట్టులో ఫోను చేతిలో పెట్టుకుని చూశాను. కాజాలక్క కెమెరా వైపు కాకుండా తన చేతుల వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆయన కొన్నాళ్ళుగా దారులు మరిచిపోతున్నారు. రెండుసార్లు నేనే వెతికి తెచ్చుకున్నా. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం నా తప్పే. ఎక్కడైనా కనిపిస్తే దయచేసి కూర్చోబెట్టండి, మాకు ఫోన్ చెయ్యండి."

దాని కింద జనం రాసిన మొదటి మాట: "మరి దొంగ జేబు సంగతేంటి అక్కా?"

మర్నాడు పొద్దున్నే ఆమె కొట్టుకు వచ్చింది. పీట మీద కూర్చోలేదు.

"జేబు నిజమేనా మాస్టారూ?"

"నిజమే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆయనే వద్దన్నారమ్మా. గిరాకీ గుట్టు..."

"నాకు చెప్పకూడని గుట్టు టీ కొట్టులో చెప్పొచ్చా?"

 ఆమే కొలతల పుస్తకం తీసి ముందుకు తోసింది. "ఎంత పెట్టారు?"

నా అక్షరాలే. రెండంగుళాల వెడల్పు, మూడంగుళాల పొడవు.

"ఇందులో నోట్లకట్ట పడుతుందా?"

"పట్టదు."

"మరేం పడుతుంది?"

"మడిచిన కాగితం."

అప్పుడు కూర్చుంది, పీట మీద కాదు, నేలమీద. "అయితే తన మరుపు సంగతి ఆయనకూ తెలుసన్నమాట. మా నంబరు రాసి పెట్టుకుని ఉంటారు. ఆయన కంగారు పడతారని నేను దాస్తే, నేను కంగారు పడతానని ఆయన దాచారు."

టేపుతో కొలిచింది నేను. కత్తిరించింది నేను. ఆ కొలతలో డబ్బు పట్టదని మా వీధిలో తెలియాల్సిన మొదటి మనిషిని నేనే. నోరు తెరిచినప్పుడు ఆ కొలత నాకు గుర్తే రాలేదు.

"ఎవరైనా ఆయన జేబులు వెతికితే అది దొరుకుతుందా మాస్టారూ?"

"దొరకదమ్మా. దొరక్కుండా కుట్టాను."

ఆ మాట చెబుతున్నప్పుడు నా తల ఎంత కిందికి వంగిందో ఆమె చూడలేదు. అప్పటికే కూతురికి ఫోన్ చేస్తోంది. ఆ మధ్యాహ్నం నన్ను కత్తిరింపు బల్ల ముందు నిలబెట్టి కూతురు వీడియో తీసింది. నేను అన్నది తప్పని చెప్పాను. బూడిదరంగు ప్యాంటు, నడుం పట్టీ లోపల ఎడమవైపు, అస్తరు మడత ఎత్తి చూడండని చెప్పాను. మొదటిసారి అన్నమాట ఊరంతా తిరిగింది. ఇది అందులో పదోవంతు కూడా తిరగలేదు.

అయినా తిరగాల్సిన చోటుకు తిరిగింది. రెండు రోజులకు వేరే ఊరి ఆసుపత్రి నుంచి వార్డులో పనిచేసే ఆవిడ ఫోన్ చేసింది. టైపిస్టు బస్టాండులో పడిపోతే ఎవరో తెచ్చి చేర్చారట. వారం రోజులుగా పేరు లేని మంచం మీద ఉన్నాడు. జేబులన్నీ వెతికితే దువ్వెన, రుమాలు తప్ప ఏమీ దొరకలేదట. ఇప్పుడు మడత ఎత్తితే టైపు చేసిన చీటీ ఉంది, ఒక్క అక్షరం తప్పు లేకుండా: "దారి మరిచిపోయాను. ఈ నంబరుకు ఫోన్ చేసి మా ఆవిడకు చెప్పండి. నేను క్షేమమని ముందు చెప్పండి."

ఆయన ఇంటికొచ్చాక టీ కొట్టువాడు నా గ్లాసులో కాస్త ఎక్కువే పోశాడు.

"మీరన్నట్టే అయింది మాస్టారూ. ఆవిడెవరో తరిమేసినట్టుంది, తిరిగొచ్చాడు."

చీటీ సంగతి చెప్పాను. కొలత చెప్పాను. ఆసుపత్రి చెప్పాను.

"మీ దగ్గర పనిచేసే మనిషి కాబట్టి వెనకేసుకొస్తున్నారు. ఆ రోజు మీ నోటితోనే కదా విన్నాం."

అంతలో భర్త చెయ్యి పట్టుకుని రోడ్డు మీద నడిపించుకుంటూ కాజాలక్క వచ్చింది. టీ కొట్టు దగ్గర అందరూ ఒక్కసారిగా మాట ఆపేశారు. ఆ మౌనమే ఆమెకు వినిపించిందని నాకు తెలుసు. లేచి నిలబడ్డాను.

"నేనన్నది అబద్ధం. ఈయన ఎక్కడికీ పారిపోలేదు," అని గట్టిగా అన్నాను.

ఎవడో ముసిముసిగా నవ్వాడు. టైపిస్టు ఆగి నా వైపు చూశాడు. నేనెవరో పోల్చుకోలేదు. అయినా ఏదో మంచిమాటే అన్నానని తెలిసినట్టు, చెయ్యెత్తి మర్యాదగా పలకరించాడు. ఆమె మాత్రం ఇటు తిరగలేదు. ఆయన చెయ్యి దించేదాకా ఆగి, ముందుకు నడిపించుకుపోయింది.