‘బాగుంది’ అని రాస్తే ఒప్పుకోని మనిషి

మొన్న మధ్యాహ్నం మా ఆఫీసుకు ఒక పార్సిల్ వచ్చింది. త్వరలో రాబోయే పుస్తకం నమూనా ప్రతి, బైండింగ్ ఇంకా పూర్తిగా ఆరనే లేదు. కాగితం విప్పగానే, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన గుప్పుమంది. నేను అట్టను ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. “మేడమ్, లోపల కూడా ఏదో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి” అని పక్క సీటు అమ్మాయి ఎగతాళి చేసింది. నాకు కోపం రాలేదు. ఆ వాసన తగిలితే సారపాక మెయిన్ రోడ్డు మీద ఒక రేకుల దుకాణం, అందులో చాప మీద కూర్చుని పుస్తకాలు కుట్టే ఖాజా చాచా గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్లు.

నేను హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థలో పనిచేస్తాను. వచ్చిన రాతప్రతులు చదివి, అచ్చు వేయొచ్చో లేదో నా అభిప్రాయం చెప్పడం నా ఉద్యోగం. “కూసోని కథలు చదివితే జీతమిస్తరా?” అని మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది. చదివినందుకు కాదత్తా, అభిప్రాయం చెప్పినందుకు ఇస్తారు అంటే ఇంకా నవ్వుతుంది. ఆ అభిప్రాయం చెప్పడం నాకు నేర్పింది ఖాజా చాచా. అయితే ఆయన నేర్పిన అసలు సంగతి అది కాదు. అసలు సంగతి నా బుర్రకెక్కడానికి ఆరేళ్లు పట్టింది, ఆ ఆరేళ్లూ నేను మనశ్శాంతిగా లేను.

అప్పట్లో మా నాన్న కాగితం మిల్లులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు, లారీల నుంచి జామాయిల్ కర్ర దింపే పని. నేను డిగ్రీ పూర్తిచేసి గోదావరి అవతల భద్రాచలంలో ఒక జిరాక్స్ సెంటర్‌లో టైపింగ్ చేస్తుండేదాన్ని. చాచా దుకాణంలో సగం బైండింగు, సగం కిరాయి పుస్తకాలు. బడుల రిజిస్టర్లు, ఆఫీసుల రికార్డులు కుట్టడం ఆయన వృత్తి. తూకానికి పోయే పాత పుస్తకాల్లోంచి కొన్ని ఏరుకొచ్చి, కొత్త అట్ట వేసి కిరాయికివ్వడం ఆయన పిచ్చి. ఆ మాట నాది కాదు, చాచీది. ప్రతి పుస్తకం చివర నాలుగైదు తెల్లకాగితాలు కలిపి కుట్టేవారు. చదివినవాళ్లు తిరిగిచ్చేటప్పుడు తమకేమనిపించిందో అక్కడ రాసి, కింద పేరు పెట్టాలి. రాయనివాళ్లకు ఇంకో పుస్తకం దొరకదు.

మొదటిసారి ఒక ప్రేమ నవల తీసుకెళ్లి, తిరిగిచ్చేటప్పుడు ‘బాగుంది’ అని రాశాను. చాచా కళ్లజోడు నుదుటి మీదికి తోసి నన్ను చూశారు.

“ఏంది బేటా ఇది?”

“అభిప్రాయం చాచా.”

“చాయ్ బాగుంటది. దోస్తు పెండ్లిల బిర్యానీ బాగుంటది. గిన్ని పేజీలు చదివి ఒక్క మాటనేనా? ఏడ ఆగినవ్, ఏడ నిద్రొచ్చింది, ఏడ కోపమొచ్చింది, అది రాయి.”

నాకు ఒళ్లు మండింది. డబ్బిచ్చి చదివింది చాలక పరీక్ష కూడానా అనుకుని, ఆ మంటలోనే రాసిపారేశాను: ‘హీరో పుస్తకమంతా ప్రేమించాడు. పొట్ట గడవడానికి ఏం చేస్తాడో ఒక్క పేజీలోనూ చెప్పలేదు. నాకు ఆ అమ్మాయి గురించి బెంగగా ఉంది.’ చాచా నెమ్మదిగా చదివి, “అవ్, గిట్ల” అన్నారు. తర్వాతి పుస్తకం ఆయనే ఏరి నా చేతిలో పెట్టారు.

ఆ రోజు నుంచి నేను పుస్తకాలు వెనక నుంచి చదవడం మొదలుపెట్టాను. ముందు అభిప్రాయాలు, తర్వాత కథ. అపరాధ పరిశోధన నవల వెనక యాదగిరి అనే లారీ డ్రైవరు రాశాడు: ‘హంతకుడు ఎవరో సగంలోనే తెలిసిపోయింది. అయినా లోడు దించకుండా చివరిదాకా చదివిన. తిట్లు పడ్డవి.’ మిరప సాగు పుస్తకం వెనక జూలూరుపాడు రైతు ఒకాయన: ‘రాసినాయన చేన్లోకి దిగినట్టు లేదు. బొమ్మలు మాత్రం మంచిగున్నయి, మా మనవడు చింపబోతే గుంజుకున్న.’ వంటల పుస్తకానికి మిల్లు క్యాంటీన్‌లో వండే సరోజనమ్మ ఇచ్చిన తీర్పు: ‘ఇందులో చెప్పినంత నూనె పోస్తే మా మేనేజరు నన్నే పొమ్మంటడు.’ జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే పుస్తకం వెనక ఎవరో పిల్లవాడు: ‘నాలుగు గంటలకు లేవమన్నారు. మూడు రోజులు లేచాను. పైకి రాలేదు, జలుబు వచ్చింది.’ ఇవి చదివి నేను రోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకుంటూ వెళ్లిన రోజులున్నాయి. చదువుకున్నవాళ్లే పుస్తకాల మీద మాట్లాడాలని నాలో ఎక్కడో ఉండేది. అది ఆ దుకాణంలో పోయింది.

ఏడాది తిరిగేసరికి నా రాతకు గిరాకీ పెరిగింది. పుస్తకం తీసుకునేవాళ్లు “సుజాత ఏం రాసింది?” అని వెనక పేజీలు తిరగేసేవాళ్లు. సరోజనమ్మ ఒకసారి నన్ను బస్టాండులో ఆపి, “నువ్వు తిట్టినవని ఆ పుస్తకం ముట్టలే పిల్లా” అంది. నేను పైకి ఏదో మొహమాటపడ్డట్టు నటించాను గానీ, ఆ రోజంతా కాళ్లు నేల మీద లేవు. ముక్కు మీద కోపం ఉన్న మనిషికి నాలుగు పొగడ్తలు తోడైతే ఏమవుతుందో నాకు అప్పుడు తెలియదు. మెచ్చుకోవడం తగ్గించాను, తిట్టడం పెంచాను. తిడితేనే బాగా చదివిన దానిలా కనిపిస్తామని ఒక నమ్మకం పట్టుకుంది.

అలాంటి రోజుల్లో చాచా నాకొక పని అప్పగించారు. దుకాణం మూల గోనె పరదా కింద అచ్చయిన కాగితాల కట్టలు ఉండేవి. అడవి పల్లెల్లో ముప్ఫై ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన రూతమ్మగారనే ఆవిడ తన అనుభవాలు రాసుకున్నారు. ఖమ్మంలో ఒక చిన్న ప్రెస్సు వాటిని అచ్చు వేసింది, కుట్టకముందే మూతపడింది. ఆవిడ అప్పటికి పక్షవాతం వచ్చి మంచాన ఉన్నారు. వాళ్లబ్బాయి ఆ కాగితాలన్నీ తెచ్చి చాచా దగ్గర పడేసి, ఏం చేస్తారో మీ ఇష్టం అని వెళ్లిపోయాడు. ఆ పుస్తకానికి వేరే ప్రతి ఎక్కడా లేదు. ఉన్నదంతా ఆ మూలనే ఉంది.

“అన్నీ కుట్టాల్నంటే నాకు రెండు నెలల పని బేటా. చేతులు మునుపట్ల లేవు,” అన్నారు చాచా. “ఒక్కటి కుట్టిన. నువ్వు చదివి చెప్పు. కుట్టమంటే కుడ్త. వద్దంటే తూకానికి పోతది, మిల్లుల పడి మళ్ల కాయితమైతది.”

ఆ ఒక్క ప్రతిని ఆయన అంచులు కోయకుండా ఇచ్చారు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి, మడిచి, అలాంటి మడతలన్నీ కలిపి కుడితే పుస్తకం అవుతుంది. ఆ తర్వాత కట్టింగ్ మెషిన్ మీద అంచులు కోస్తేనే పేజీలు విడివడతాయి. కోయకపోతే అతుక్కునే ఉంటాయి. “స్కేలు పెట్టి కోసుకుంట చదువు” అని నవ్వారు.

సరిగ్గా ఆ వారమే హైదరాబాదులో నా ఉద్యోగానికి పరీక్ష. ప్రూఫులు దిద్దే పని. నాకు తిండి సహించలేదు, ఇక నర్సమ్మగారి వాగులూ వంకలూ ఏం సహిస్తాయి? రెండు మడతలు కోశాను. వానలో వాగు దాటడం, ఎవరో పురిటి మంచాన్ని మోయడం, మళ్లీ వాన. ఇక చాలనిపించింది. చివరి పేజీ కోయకుండానే కనిపిస్తుంది కాబట్టి అది చదివేశాను. బస్సెక్కే రోజు పొద్దున దుకాణం మెట్ల మీద నిలబడి రాసిచ్చాను: ‘నిజాయితీగా రాశారు. కానీ మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరు. పాఠకులు ఓపిక పట్టలేరు. కుట్టడం వృథా.’

మొదటి నుంచి చివరి వరకు అని రాసిన చెయ్యి ఇదే. మడతలన్నీ ఊరికే కోసి ఇచ్చినా దొరికేదాన్ని కాదు. తొందరలో ఆ మాత్రం తెలివి కూడా లేకపోయింది.

చాచా నా రాత చదివారు. పుస్తకం అంచు మీద బొటనవేలు ఒకసారి పోనిచ్చారు. నా వైపు చూసి, “ఇంకేమన్న చెప్పేదున్నదా బేటా?” అన్నారు.

“లేదు చాచా.”

“మంచిది. జల్దీ పో, బస్సు పోతది.”

ఉద్యోగం వచ్చింది. రెండు నెలల తర్వాత అమ్మ ఫోనులో ఆ మాటా ఈ మాటా చెబుతూ, “మీ ఖాజా సాబు దుకాణంల కాయితాల మూటలు ఆటోల ఏసుకొని పోయిండ్రు. మూలంతా ఖాళీ అయింది” అంది. తూకానికి పోయాయి. ఒక మంచాన పడ్డ మనిషి ముప్ఫై ఏళ్ల బతుకును, చదవకుండా, ఒక్క మాటతో మిల్లులో వేయించాను. ప్రూఫులు దిద్దుతుంటే, కామా తప్పు కనిపెట్టినప్పుడు పైవాళ్లు మెచ్చుకుంటే, నాకు నా మీదే అసహ్యం వేసేది. ఇంటికి వెళ్లినప్పుడల్లా బస్సు ఆ దుకాణం ముందుకు రాగానే తల అటు తిప్పుకునేదాన్ని. పలకరించడానికి పోలేదు. చాచా బాగున్నారా అని అమ్మను కూడా అడగలేదు. అలా ఆరేళ్లు.

ఆరో ఏడు వానాకాలం అమ్మకు జ్వరం ముదిరి భద్రాచలంలో దవాఖానాలో చేర్పించాం. పక్క మంచం దగ్గర ఒక కోయ పెద్దమ్మకు తోడుగా ఉన్న కోడలు ఏదో పుస్తకం పైకి చదువుతోంది. చదివిందాన్ని ఆగి ఆగి తమ భాషలో చెబుతోంది, ముసలామె తలూపుతోంది. వాగు, వాన, పురిటి మంచం. నా చేతిలో బ్రెడ్డు ముక్క అలాగే ఉండిపోయింది.

“ఆ పుస్తకం ఎక్కడిది చెల్లీ?” అన్నాను.

“సారపాక సాబు ఇచ్చిండక్కా. ఈడ వార్డుల మూడున్నయి. మా అత్తకు పురుడు పోసింది ఈ నర్సమ్మనేనంట. మా ఇంటాయన పుట్టింది ఇందుల ఉందేమోనని ఎతుకుతున్నం.”

వెనక పేజీలు తిప్పి చూశాను. తెల్లకాగితాలు నిండిపోయి, ఇంకో రెండు అతికించి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. అమ్మ కంగారుపడి, “నాకు తగ్గింది గదనే, ఎందుకేడుస్తవ్” అంది. పాపం, తన కోసమే అనుకుంది. నేను కాదనలేదు.

ఆ సాయంత్రమే వంతెన దాటి దుకాణానికి వెళ్లాను. చాచా బాగా చిక్కిపోయారు, చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి పాత చాప చూపించారు. నేను కూర్చోలేదు.

“చాచా, రూతమ్మగారి పుస్తకం నేను చదవలేదు. చదవకుండా రాశాను.”

“తెల్సు. మడత తెగలేదు గదా.”

“మరి అప్పుడే అడగలేదేం?”

“అడిగితే ఇంకొక అబద్ధం చెప్తుంటివి. ఒకటి చాలదా? ఇంకేమన్న చెప్పేదున్నదా అంటి. నువ్వు లేదంటివి. ఉన్నప్పుడు వస్తదిలే అనుకున్న.” ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. “గింత లేటైతదనుకోలే.”

అమ్మ చూసిన మూటలు తూకానికి పోలేదు. చాచా చెల్లెలి ఇంట్లో ఆడవాళ్లంతా కూర్చుని మడతలు పెట్టడానికి వెళ్లాయి. ముందు ఇంకో ప్రతి కుట్టి ఇస్తే యాదగిరీ సరోజనమ్మా చదివి, అన్నీ కుట్టమన్నారట. నలుగురూ చదివి వెనక రాసిన ప్రతి ఒకటి రూతమ్మగారికి పంపితే, ఆవిడ తను రాసినదాన్ని పక్కన పెట్టి, జనం రాసిన వెనక పేజీలే మళ్లీ మళ్లీ చదివించుకున్నారట. ఆ తర్వాత ఏడాదిన్నర బతికారు. ఇదంతా వింటూ నేను ఎప్పుడు చాప మీద కూలబడ్డానో నాకే తెలియదు. ఆరేళ్లుగా ఛాతీ మీద ఉన్న బరువు దిగితే ముందు ఆకలి వేస్తుందని ఆ రోజు తెలిసింది. చాచీ పెట్టిన ఉప్మా రెండుసార్లు అడిగి తిన్నాను.

పోయే ముందు చాచా నా ప్రతిని తీసి స్కేలుతో సహా ఇచ్చారు. అమ్మ మంచం పక్కన కూర్చుని రెండు రోజుల్లో చదివాను. నా పాత రాతను కొట్టేయకుండా, దాని కిందే రాశాను: ‘పై అభిప్రాయం చదవకుండా రాసింది. ఇప్పుడు చదివాను. పురిళ్లూ వాగులూ ఉన్నచోట పుస్తకం కింద పెట్టలేకపోయాను, మూడు చోట్ల ఏడ్చాను. కానీ ఆవిడ బదిలీలు, ప్రమోషన్లు, పై ఆఫీసు ఉత్తరాల గురించి ఉన్న నలభై పేజీలు నాకు నిజంగా నిద్ర తెప్పించాయి.’ రాశాక భయమేసింది. ఇంత జరిగాక కూడా తిట్టడమేమిటి అంటారేమో అనుకున్నాను. చాచా చదివి, భుజాలు కదిలేలా నవ్వారు.

“అవ్ బేటా. నాకు గూడ ఆడనే నిద్రొచ్చింది. కుట్టేటప్పుడు సుత.”

ఇప్పుడు నా బల్ల మీద రోజూ రాతప్రతులుంటాయి. నచ్చనివాటిని నచ్చలేదని రాస్తాను, చివరి పేజీ దాకా వెళ్లాకే రాస్తాను. అది ఉద్యోగం, అందులో గొప్పేమీ లేదు. కష్టమైనది వేరే ఉంది. పోయిన నెల ఒక సభలో అందరూ ఒక కొత్త నవలను తెగ పొగుడుతున్నారు. నలుగురూ మాట్లాడాక మైకు నా చేతికిచ్చి, మీ అభిప్రాయం చెప్పండి అన్నారు. సభంతా నా వైపే చూస్తోంది. రెండు గొప్ప మాటలు నాలుక చివరనే ఉన్నాయి, అనేస్తే ఎవరికీ తెలియదు.

“నేను ఇంకా చదవలేదండీ” అని చెప్పి కూర్చున్నాను.

మైకు తీసుకున్నతను నన్ను వింతగా చూశాడు. నా ప్రాణం మాత్రం హాయిగా ఉంది. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన, నా కంటే ముందే పావుగంట సేపు ఆ నవలను మెచ్చుకున్న మనిషి, నా వైపు వంగి నెమ్మదిగా అన్నాడు: “నేనూ చదవలేదమ్మా.”