బాపు కిర్రు చెప్పులు

మొన్న ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మా అమ్మాయి వాళ్లకొక ముచ్చట చెప్పింది. "మా తాత ఎంత మొండోడో తెల్సా? గడికి పోదామని మేమందరం లారీ ఎక్కి కూసున్నంక, నేను రానని అరుగు మీద కూలబడ్డడు. ఎంత బతిమిలాడినా లేవలే." చుట్టాలు నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్లుగా ఆ ముచ్చట ఎప్పుడొచ్చినా అలాగే నవ్వుతున్నాను. మా బాపు, అంటే మా నాన్న, పోయాక కూడా అది ఇంట్లో తిరుగుతూనే ఉంది. ఆ ముచ్చట అబద్ధం. పుట్టించింది నేను.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. అవ్వ, మా అమ్మ, చనిపోయాక బాపు ఊళ్లో మగ్గం దించేసి మా దగ్గరికి వచ్చి ఉంటున్నాడు. ఎండాకాలం సెలవుల్లో మా బావమరిది జమ్మికుంట నుంచి వచ్చాడు. పత్తి మార్కెట్‌లో పని అతనిది. నోరు పెద్దది.

"బావా, మీ ఊర్ల గడి ఉన్నదంటవు, మామిడితోట ఉన్నదంటవు. ఒక్కపారన్న సూపియ్యకపోతివి. జిన్నింగు మిల్లు లారీ నేను తెస్త. గడి తలుపులు నువ్వు తెరిపియ్యి," అన్నాడు. మళ్లీ మా ఆవిడ వైపు తిరిగి, "తెరిపిస్తడంటవా అక్కా?" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. మా ఊరి దొర గొడవల కాలంలో హైదరాబాదుకు పారిపోయి, పోలీసు చర్య తర్వాత తిరిగొచ్చి కరీంనగర్‌లోనే ఇల్లు కట్టుకున్నాడు. ఊళ్లో కోటలాంటి తన ఇంటికి, ఆ గడికి, తాళం వేసి ఒక జీతగాణ్ణి కాపలా పెట్టాడు. అడిగితే తాళం తీయిస్తాడు. తెరిపిస్తానన్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో అదే మాట. ఎండకు పెరుగన్నం ఆగదు, పులిహోర చేస్తానంది మా ఆవిడ. సకినాలు రెండు రోజుల ముందే కాల్చి డబ్బాకెత్తింది. డ్రైవరు పక్కన ఎవరు కూర్చోవాలని పిల్లలిద్దరూ రోజూ కొట్టుకునేవాళ్లు. బాపు అరుగు మీద కూర్చుని అన్నీ వింటూ ఉండేవాడు. ఒకనాటి సాయంత్రం ఉన్నట్టుండి అన్నాడు.

"నేను గూడ గడికి వస్త. గని నాకొక జత కిర్రు చెప్పులు కావాలె."

గడి పేరు ఆయన నోట వినడం నాకదే మొదలు. ఏటా దసరాకు బాపు తను నేసిన ధోవతులు గడికి ఉత్తగా ఇచ్చి రావాల్సి వచ్చేది. గడి ఉన్న వాడలో అడుగు పెట్టగానే చెప్పులు విడిచి చంకలో పెట్టుకోవాలి. ఊరంతా అంతే. ఒకసారి దొర ఇంట్లో పెండ్లికని నడి ఎండాకాలంలో బట్టలు తెమ్మన్నారు. బాపు వెళ్లేసరికి దొర పడుకున్నాడు. లేచేదాకా వాకిట్లో బండల మీద నిలబడమన్నారు. నీడలో నిలబడమని ఎవరూ అనలేదు, అనకుండా జరగడానికి లేదు. ఆ సాయంత్రం అవ్వ ఆయన అరికాళ్లకు కలబంద గుజ్జు రాస్తూ దొరను పేరు పెట్టకుండా తిట్టడం నాకు గుర్తుంది.

"గా బండల మీద ఒక్కపారి చెప్పులేసుకోని నడువాలెరా," అన్నాడు బాపు. "ఉత్త చెప్పులు గాదు. కిర్రు కిర్రుమనాలె. అంతే, ఇంకేం లేదు. నడిచి, మీతోని కూసోని ఇంత పులిహోర తిని వస్త."

బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికి నేనే తీసుకెళ్లాను. "కిర్రు ఎంత గావాలె పెద్దమనిషీ?" అని అడిగాడాయన.

"గోడ అవుతల పండుకున్నోడు లేసి కూసోవాలె," అన్నాడు బాపు.

అట్లాగే కుట్టాడు. చెప్పులు ఇంటికొచ్చిన రోజు బాపు వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉన్నాడు. వెనక పిల్లలు నోటితో కిర్రుమంటూ నడిచారు.

"మామా, గీ సప్పుడుకు పక్కింటి పసిపోరడు ఉలిక్కిపడి లేసిండట," అంది మా ఆవిడ.

"పడనియ్యి బిడ్డా. నేను ఎన్నేండ్లు ఉలిక్కిపడ్డ!" అన్నాడు. ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున దొర ఇంటికి వెళ్లాను. మనిషి బాగా చిక్కిపోయాడు గానీ గొంతు తగ్గలేదు.

"గుమాస్తావయినవట గదరా. తాళం తీయమని చెప్పి పంపిస్త. మీ అయ్యను గూడ తీస్కరా. పాత మనిషి, మర్యాద తెలిసినోడు. రేపు నేను గూడ ఆడనే ఉంట. తోట గుత్తకిచ్చేదున్నది."

"అట్లనే దొరా," అన్నాను. చొక్కా జేబులో కలం ఉంది. నడుం మాత్రం దానంతటదే వంగింది.

దారి పొడుగునా నా చెవుల్లో ఆ కిర్రు చప్పుడే. మా పెద్ద ఆఫీసరు, దొర కలిసి పేకాడతారు. ఆఫీసరు చెవిలో దొర ఒక్క మాట వేస్తే ఆదిలాబాద్ అడవుల్లో ఏ మూలకో బదిలీ అవుతుందని భయపడ్డాను. అదొక్కటే అంటే మళ్లీ అబద్ధమవుతుంది. దొర ముందు బాపు అలా నడుస్తుంటే నేను ఎక్కడ నిలబడాలో నాకు తెలియలేదు. రేపు దొర వస్తున్నాడని బాపుతో చెప్పలేకపోయాను.

సాయంత్రం బాపు భజనకు వెళ్లాడు. తోలు పొరల మధ్య ఏం పెట్టి కుడితే కిర్రుమంటుందో నాకు తెలియదు గానీ, నూనె తాగితే ఆ చప్పుడు పోతుందని అందరికీ తెలుసు. వంటింట్లోంచి ఆముదం సీసా తెచ్చి ఆ చెప్పులకు బొట్టు బొట్టుగా తాగించాను. బాపు చెప్పులతోనే నడుస్తాడు, ఆయన కోరిక తీరుతుంది. చప్పుడు ఉండదు, దొరకు కోపం రాదు. ఇద్దరికీ న్యాయం చేశాననుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

తెల్లవారి లారీ వచ్చింది. కుండలు, చాపలు, సకినాల డబ్బా అన్నీ ఎక్కాయి. బాపు ఉతికిన ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టి, చెప్పులు తొడుక్కున్నాడు. నాలుగు అడుగులు వేసి ఆగాడు. మళ్లీ నాలుగు వేశాడు. వంగి వేలితో చెప్పు తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కొత్త చెప్పులు కాలు కొరుకుతయని..." అన్నాను.

ఆయన ఆ మాట విననట్టే అడిగాడు. "ఆడ ఎవలుంటరురా?"

"దొర వస్తడట."

"నాతోని చెప్పకపోతివి."

బాపు చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చున్నాడు. "మీరు పోండ్రి. పోరగాండ్లు ఎదురుచూస్తుండ్రు," అన్నాడు మెల్లగా.

లారీ మీది నుంచి బావమరిది కేకేశాడు. "ఏమైంది బావా, మామ వస్తలేడా?"

"మొండికేసిండు. రాడట," అన్నాను. బాపుకు వినబడేంత దగ్గర నుంచే అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు గానీ కాదనలేదు. పిల్లలు దిగొచ్చి ఆయన చేతులు పట్టి లాగారు, ఏడ్చారు. నాకు బాగలేదు బిడ్డా అని కూడా ఆయన అనలేదు. కొడుకు మాట అబద్ధమని మనవల ముందు తేల్చడం ఇష్టం లేక ఆ మొండితనం తన మీద వేసుకున్నాడు.

గడిలో దొర ఒకప్పుడు పంచాయితీలు చేసిన కచ్చేరు ముందు కుర్చీ వేసుకుని ఉన్నాడు. మా పిల్లలు స్కూలు బూట్లతో ఆ బండల మీద టకటకా పరుగెత్తారు. దొర కుర్చీ చుట్టూ కూడా తిరిగారు. ఆయన ఏమీ అనలేదు. జీతగాణ్ణి పిలిచి వాళ్లకు మామిడిపండ్లు ఇప్పించాడు. "మీ అయ్య రాలేదేందిరా?" అని మాత్రం అడిగాడు. బాపు వచ్చి ఆ చప్పుడుతో నడిచి ఉంటే ఆయన ఏమనేవాడో నాకు తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే. పులిహోర బాగుందని అందరూ అన్నారు.

పొద్దుగూకేసరికి ఇంటికొచ్చాం. పిట్టగోడ మీద చెప్పులు బోర్లించి ఉన్నాయి. వాటి అడుగు భాగం పడమటి ఎండకు తిప్పి పెట్టి ఉంది. ఆ తర్వాత కూడా చాలా రోజులు బాపు వాటిని ఎండబెట్టాడు. రోజూ సాయంత్రం తొడుక్కుని నాలుగడుగులు వేసేవాడు. చప్పుడు రాలేదు. వానలు మొదలయ్యాక ఎండబెట్టడం మానేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. గడి మాట మళ్లీ ఎత్తలేదు. పిల్లలు మాత్రం తాతను చాలాకాలం ఆ సంగతితోనే ఏడిపించారు. ఆయన నవ్వేవాడు.

మా అమ్మాయికి పెండ్లి సంబంధం చూస్తున్నాం. రేపు అత్తగారింట్లో కూడా తాత గురించి ఆ ముచ్చటే చెబుతుంది. అందుకే ఇది రాసి ముందు తనకే ఇస్తున్నాను. ఆ రోజు అందరికంటే ముందు తయారై నిలబడింది మీ తాతే బిడ్డా. ఆయనను ఆపింది నేను.