నాగపట్నానికి పెట్టిన పరస్థానం

మా ఇంట్లో బతికున్న మనుషులే ఒకరినొకరు చాలినంత భయపెట్టుకుంటారు. అందుకని దయ్యాల అవసరం నాకెప్పుడూ రాలేదు. వాటిని నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మానని రాసివ్వను. తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేస్తాను. వచ్చింది వచ్చినట్టు చెప్పడం నా పని. ఇదీ అలాగే చెప్తాను.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, మా అమ్మతో మాట్లాడదు. అమ్మ అవ్వతో మాట్లాడదు. నేను పుట్టకముందు ఎవరి పెళ్ళిలోనో భోజనాల బంతి దగ్గర మొదలైందట. కారణం ఇద్దరికీ గుర్తు లేదు గానీ కోపం మాత్రం తాజాగా ఉంది. ఒకే గదిలో కూర్చుని, ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరు నాతో చెప్పిస్తారు. మా నాయన గుడి ట్రస్టులో గుమాస్తా. ఇల్లు ఎంత మండుతున్నా పంచాంగం చూసుకుంటూ కూర్చోగల మనిషి.

అవ్వకు కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బుతో ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికన్ను కూడా ఏ రోజైనా పోవచ్చని మొన్న చలికాలంలో డాక్టరు చెప్పాడు. ఆటోలో ఇంటికి వస్తూ అవ్వ ఒకటే మాట అంది.

"నేను సముద్రం సూడలేదు మే. కన్ను పోకముందు ఒక్కసారి సూపీండి."

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఫిర్యాదు కానిది ఆమె నోటి నుంచి నేను వినడం అదే మొదలు.

ఆ రాత్రే ఊరు వెతకడం మొదలుపెట్టాను. పెరుమాళ్ళ గుడి లేని ఊరికి మా నాయన సెలవు పెట్టడు. నాగపట్నంలో గుడీ ఉంది, సముద్రమూ ఉంది. తీరానికి దగ్గర్లో వీధి అరుగున్న పాత ఇల్లొకటి, గదులు అద్దెకిస్తారట, దొరికింది. యజమాని తమిళాయన, తెలుగు ముక్క రాదు. తిరుపతిలో పెరిగినందుకు నాకు తమిళం వచ్చు. గురువారం నుంచి నాలుగు రోజులకు మాట్లాడేశాను.

అమ్మ మాత్రం ఆ ముసలామె వస్తే తను రానంది. వారం రోజులు గిన్నెలు విసిరికొట్టింది. ఒక పొద్దున ఉన్నట్టుండి, రానీలే అంది. మా ఇంట్లో పాతికేళ్ళు పెరిగినదాన్ని, నేను అప్పుడే అనుమానపడాల్సింది.

గురువారం దక్షిణానికి వారశూల, ప్రయాణం కూడదని నాయన పంచాంగం తీశాడు. టికెట్లు మార్చడం కుదరదు. కాబట్టి పరస్థానం. మంచి ఘడియ ముందు రోజు ఉంటే, ఆ ఘడియలో మన బట్టలు మూటగట్టి, వెళ్ళే దిక్కున ఎవరింట్లోనైనా పెట్టి వస్తారు. అంతటితో మనం బయల్దేరినట్టే లెక్క. ఆఫీసులో బయోమెట్రిక్ మీద వేలు పెట్టి ఇంటికొచ్చి పడుకోవడం లాంటిది. ఆ మూట మళ్ళీ గడప దాటి వెనక్కి రాకూడదు, ప్రయాణం రోజు అట్నుంచి అటే తీసుకుపోవాలి.

బుధవారం పొద్దున మూట నేనే కట్టాను. నాయన పంచె, అమ్మ రవిక, నా చున్నీ, అవ్వ ఇటుకరంగు చీర. ఆ చీర కొంగు దీపం దగ్గర కాలితే అవ్వే నల్ల దారంతో కుట్టుకుంది. మూట తీసుకెళ్ళి దక్షిణం పక్కన రిటైర్డు మాస్టారింట్లో పెట్టి వచ్చాను.

మధ్యాహ్నం రెండున్నరకు నాగపట్నం నుంచి ఫోన్. మీ పాటి, అంటే మా అవ్వ, వచ్చింది, ఒక్కతే వచ్చి అరుగు మీద కూర్చుంది, మీరెప్పుడొస్తారు అని యజమాని అడిగాడు. మా పాటి మా ఇంట్లోనే ఉందన్నాను. అబద్ధం కాదు. అవ్వ వీధి వరండాలో, ఒళ్ళో అనపకాయల చేట పెట్టుకుని, వీధి వైపు చూస్తూ నా ఎదుటే కూర్చుని ఉంది.

ఆయనకు కోపం వచ్చింది. తిరుపతి అని చెప్పింది, మీ నాయన పేరు చెప్పింది, ఇటుకరంగు చీర, కొంగుకు నల్లదారం కుట్టు, ముసలామెను ఇలా వదిలేస్తారా, పోలీసులకు చెప్తానన్నాడు. కాఫీ ఇస్తే తిట్టింది కూడానట. ఏమని తిట్టిందని అడిగాను. అర్థం తెలియకపోయినా, విన్నది విన్నట్టు పలికాడు.

"ఇది కాఫీనా, కుడితి నీళ్ళా?"

మా అమ్మ కాఫీని అవ్వ రోజూ పొద్దున అనే మాట అది. అక్షరం తేడా లేదు. అప్పటిదాకా ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఆ తర్వాత అనుకోలేదు.

మాస్టారింటికి పరిగెత్తి మూట విప్పాను. మూడు బట్టలే ఉన్నాయి. చీర లేదు. పసుపు పెట్టడం మరిచిపోయానని పన్నెండింటికి మీయమ్మే వచ్చి విప్పిందే అని మాస్టారి భార్య చెప్పింది.

అమ్మ వంటింట్లో ఉంది. ఫోన్ సంగతి చెప్పి, చీర ఏదని అడిగాను. దాచలేదు.

"నేనే తీసినా. ఆయమ్మ బయల్దేరకూడదనే తీసినా. నా పెండ్లయినప్పటి నుంచి ఒక్క ప్రయాణమన్నా నన్ను సుఖంగా చేయనిచ్చిందా?"

మెడలోని తాళంచెవితో బీరువా తీసి చూపించింది. చీర మడత నలగకుండా అక్కడే ఉంది. సినిమాలో అయితే తడిసి, ఇసుక రాలాలి. ఏమీ రాలలేదు. కలరా ఉండల వాసన వచ్చింది, అంతే. అమ్మ బీరువాకు తాళం వేసి, పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది. నాకు జాలి కలగలేదు.

నాలుగున్నరకు యజమాని మళ్ళీ ఫోన్ చేశాడు. మీ పాటి లేచి సముద్రం వైపు నడిచిపోయింది, వెనక మనిషిని పంపితే కనబడలేదన్నాడు. నేను వరండాలోకి వెళ్ళాను. అవ్వ రెండున్నరకు ఎలా కూర్చుందో అలాగే ఉంది. చేటలో ఒక్క అనపకాయ కూడా ఒలవలేదు. పిలిస్తే పలకలేదు. మా ఇంట్లో పలకకపోవడం వింత కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఐదింటికి తనే లేచి, కాళ్ళు నొప్పులని పడుకుంది.

గురువారం పొద్దున ఏడింటికి, ఇంకా దీపం వేయలేదేమని అడిగింది. ఎండ ఆమె మొహం మీదే పడుతోంది.

రైలుకు బదులు ఆస్పత్రికి వెళ్ళాం. కంటిలో ఒత్తిడి పెరిగిందని, ముందే చెప్పామని డాక్టరు అన్నాడు. చూపు రాదన్నాడు. అది సరైన వివరణే. రిపోర్టు నేనూ చదివాను.

ఆ సాయంత్రం అవ్వ పక్కన కూర్చున్నాను. సముద్రం చూపించలేకపోయాను అవ్వా అన్నాను.

"సూపించేదేముండాది? నిన్న సూసినా కదా."

ఫోన్ల సంగతి మేమెవరం ఆమెతో అనలేదు. నేను ఫోన్‌లో మాట్లాడింది చెవిన పడిందేమోనని కూడా ఆలోచించాను. పడిందే అనుకుందాం. మరి నాగపట్నంలో కాఫీని తిట్టిందెవరు?

ఎలా ఉందని అడిగాను. అవ్వ వంటింటి వైపు మొహం తిప్పింది. అక్కడ గిన్నెల చప్పుడు ఆగింది.

"నీకు చెప్తే పోయి మీయమ్మకు చెప్తావు. చీర తీసేసినా గూడా నేను పోయొచ్చినా. ఆయమ్మకు మాత్రం చెప్పను."

ఎవరు చెప్పారు ఆమెకు చీర సంగతి? నేను కాదు. అమ్మ అసలే కాదు. వంటింట్లో మాట వీధి వరండాకు వినబడదు. మాస్టారి భార్యను అడిగితే తను చెప్పలేదని దేవుడి పటం మీద ఒట్టేసింది.

ఇదంతా జరిగి ఏడాది కావస్తోంది. అవ్వ బాగానే ఉంది, నోరు ఇంకా బాగుంది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళను నమ్మను. నేను చూసింది ఒక్కటే చెప్పగలను. ఈ మధ్య అమ్మ పొద్దున్నే అవ్వ మంచం దగ్గర కూర్చుంటోంది. నన్ను మధ్యలో పెట్టకుండా తనే అడుగుతోంది.

"అత్తా, సముద్రం ఎట్లుండాది?"

అవ్వ వినబడనట్టు గోడ వైపు తిరుగుతుంది. మొహం మీద నవ్వుంటుంది. అమ్మ కాసేపు అక్కడే కూర్చుని, లేచి వెళ్తుంది. మర్నాడు మళ్ళీ అడుగుతుంది.