పంటు మీద మూడక్షరాలు ఎక్కువ

ఆ రోజుల్లో రంగు అంటే కుంచె, కుంచె అంటే రోజులు. ఒక కొట్టుకు బోర్డు రాయించుకోవాలంటే పెయింటరుగారు ఒకనాడు వచ్చి కొలతలు తీసుకునేవారు, మరొకనాడు గీతలు గీసేవారు, మూడోనాడు జ్వరం వచ్చిందని కబురు పంపేవారు. అటువంటి కాలంలో, డబ్బా ఊపి మీట నొక్కగానే పొగలాగా వెలువడి రేకు మీద వాలే రంగును నేను మొదటిసారి చూసినప్పుడు నా వయసు ఇరవై రెండు సంవత్సరాల నాలుగు నెలలు (ఈ లెక్క డైరీలోది; ఊహించి చెప్పే అలవాటు నాకు లేదు). ఇప్పుడు మా అమ్మాయి అమలాపురంలో ప్రిన్సిపాలుగారి అనుమతితోనే కాలేజీ గోడమీద నిలువెత్తు అక్షరాలు స్ప్రే చేస్తోంది. మొన్న ఆదివారం ఇంటికి వచ్చి, "ఎన్ని వీడియోలు చూసినా అంచులు చెదిరిపోతున్నాయి నాన్నా" అంది. "ఆ విద్య నాకు వచ్చు" అన్నాను. అది నా చొక్కా జేబులోని రెండు పెన్నులను, మడత నలగని ప్యాంటును పైనుంచి కిందికి చూసి, మర్యాద కొద్దీ నవ్వు ఆపుకుంది. అందుకని పాత డైరీ తీయవలసి వచ్చింది.

మా పంటు మావయ్యగారికి నా తెలివితేటల మీద అప్పటికే ఒక స్థిరమైన అభిప్రాయం ఉండేది. (ఆయన మా అమ్మకు పెదతల్లి కొడుకు. రాజోలు దగ్గరి రేవులో జనాన్నీ స్కూటర్లనూ గోదావరి దాటించే పంటు ఆయనది కనుక ఇంటిల్లిపాదికీ పంటు మావయ్యగారే.) ఆ అభిప్రాయానికి కారణం కొబ్బరి పీచు. ఆయనకు రేవు పక్కనే ఒక పీచు కొట్టు కూడా ఉండేది. దాని ముందు "కొబ్బరి పీచు అమ్మబడును" అని రాయమంటే, నేను కొత్తగా డిగ్రీ పుచ్చుకున్న ఉత్సాహంలో "నారికేళ తంతువులు విక్రయింపబడును" అని రాశాను. పద్దెనిమిది రోజులపాటు పీచు కోసం ఒక్కరూ రాలేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు మాత్రం ఏడుగురు వచ్చి, తంతువులు పరగడుపున వేసుకోవాలా, భోజనం చేశాక వేసుకోవాలా అని అడిగి వెళ్లారు.

ఇలా ఉండగా పంటుకే ముప్పు వచ్చిపడింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరుగారు ఒడ్డున నిలబడి, పంటు పక్క రేకు మీద ఉన్న పాత హెచ్చరికలో ఒక్క ముక్క కూడా చదవడానికి వీలుగా లేదన్నారు. తాము కాగితంలో ఇచ్చిన మాటలను ఒడ్డునుంచి కనబడేటట్టు రాయించాలని, వచ్చే గురువారం పదిగంటలకు వచ్చి చూస్తామని, అప్పటికీ లేకపోతే వరదలు తీసేదాకా పంటును రేవుకు కట్టేయిస్తామని చెప్పి జీపెక్కారు. పంటు కట్టేస్తే మావయ్యగారి ఇల్లు గడవదు సరే, పంటును పదకొండేళ్లుగా నడుపుతున్న సరంగుగారు మరో రేవు వెతుక్కోవాలి. పెయింటరుగారికి, చెప్పనక్కరలేదు, జ్వరం. నేను ముందుకు వచ్చి, "నేను రాస్తాను మావయ్యగారూ, ఒక్క పూటలో" అన్నాను.

మావయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "ఒరేయ్ అల్లుడూ, నీ చెయ్యి మంచిదేరా. నాకు భయం నీ బుర్రతోటే. ఈసారి నీ తెలివి ఒక్క అక్షరం కూడా పడకూడదు. నేను బుధవారం అమలాపురం వెళ్లి, మర్నాడు ఆఫీసరుగారితోనే వస్తాను. కాయితం నా దగ్గరే ఉండాలి. ఏం రాయాలో సరంగుకి తెలుసు. వాడు చెప్పింది చెప్పినట్టు రాయి. పొల్లు పోకూడదు, పొల్లు చేరకూడదు. తెలిసిందా?" అన్నారు. తెలిసిందన్నాను. ఆ మాటలే డైరీలో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

నా ధైర్యానికి మూలం మా బావగారు. అక్కయ్య భర్త. కువైట్‌లో చమురు గొట్టాల మీద స్ప్రే డబ్బాలతో అక్షరాలు వేసే పనిలో ఉండి, అప్పుడే రెండు నెలల సెలవు మీద వచ్చారు. పీచు కొట్టు వెనక గోడమీద నాకు మూడు రోజులు పాఠం చెప్పారు. మొదటి రోజు నా అక్షరాలన్నీ ఏడ్చాయి. ప్రతి అక్షరం నుంచి రంగు కన్నీళ్లలా కారింది. "బావమరిదీ, అక్షరం రాస్తున్నావా, మావిడిచెట్టుకి మందు కొడుతున్నావా?" అన్నారాయన. ఆయన చెప్పినవన్నీ ఆ సాయంత్రమే డైరీలోకి ఎక్కించాను, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. డబ్బాలో గోళీ గలగలమన్న తరువాత గడియారం చూసి రెండు నిమిషాలు ఊపాలి. డబ్బా ముక్కుకీ రేకుకీ మధ్య జానెడు ఉండాలి. సన్నగీత కావాలంటే నాలుగు వేళ్ల ఎడానికి వచ్చి, చెయ్యి వేగం పెంచాలి. ముందు చెయ్యి కదలాలి, ఆ తరువాతే మీట నొక్కాలి. చెయ్యి ఆగకముందే వేలు తీసెయ్యాలి. నొక్కి కదిలితే మొదట్లో బొట్టు పడుతుంది, ఆగి వదిలితే చివర్లో పడుతుంది. కదలవలసింది మణికట్టు కాదు, భుజం. ఒక దట్టమైన పూత కంటె మూడు పలుచని పూతలు మేలు, పూతకూ పూతకూ నడుమ పది నిమిషాలు. పని ఆపినప్పుడల్లా డబ్బా తలకిందులు చేసి, ఒట్టిగాలి వచ్చేదాకా నొక్కితే ముక్కు పూడుకుపోదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన "కోత" అని పిలిచే కిటుకు మరొక ఎత్తు. ఇంగ్లీషు అక్షరాలైతే టేపు అంటించి తిన్నగా కొట్టేయవచ్చు. మన అక్షరాలు గుండ్రనివి. వంపు దగ్గర టేపు ముడతలు పడి, ఆ ముడతల్లోంచి రంగు లోపలికి జొరబడుతుంది. అందుకని ముందు తెల్లరంగుతో అక్షరాన్ని కావలసిన దానికంటె కొంచెం లావుగా వేసి, ఆరాక నేలరంగుతో, అంటే పంటు నీలంతో, బయటినుంచి అంచు వెంబడి దాన్ని కోసుకురావాలి. అక్షరాన్ని రాయడం కాదు, చుట్టూ ఉన్న అనవసరాన్ని తీసెయ్యడం. "ఇంకోటి," అన్నారు బావగారు చివరిరోజున, "రాసేటప్పుడు చదవకు. చదివితే చెయ్యి తడబడుతుంది. అక్షరాన్ని బొమ్మలా చూడు. నేను ఆరేళ్ల నుంచి అరబ్బీ రాస్తున్నాను, ఒక్క ముక్క చదవడం రాదు. గీతలో ఒక్క తప్పు లేదు."

మంగళవారం సాయంత్రం సరంగుగారి దగ్గర డైరీ తెరిచి కూర్చున్నాను. ఆయనకు చదవడం రాదు కాని, విన్నది మరిచిపోయే మనిషి కాదు.

"ఏం రాయాలి సరంగుగారూ?"

"ఆఫీసరుగారు నా ఎదరే చదివి వినిపించేరండి. కంఠతా వచ్చేసిందండి. రాసుకోండి బాబూ. పరిమితి నలభై మందండి."

"తరవాత?"

"అంతకు మించి ఎక్కరాదండి."

"తరవాత?"

"పిల్లల చేయి వదలరాదండి."

"ఇంతేనా?"

"ఆయ్."

(ఆ చివరి మాట నేను రాసుకోలేదు. అది నాకిచ్చిన జవాబు అని గ్రహించేపాటి జ్ఞానం నాకుంది.) మిగిలిన వాటి విషయంలో నాకు అనుమానం రాలేదని ఎవరూ అనుకోవద్దు. వచ్చింది. ఆనాటి పేజీలో "అండి ఉండాలా? అడగాలా?" అని ఉంది. దాని కిందనే, "వద్దు. చెప్పింది చెప్పినట్టు" అని ఉంది. ఆ రెండో పంక్తి రాస్తున్నప్పుడు నా మోకాళ్ల నొప్పులవాళ్లు ఏడుగురూ కళ్ల ముందు కదిలారు.

బుధవారం ఉదయం ఆరుకు మొదలుపెట్టి, సముద్రంవైపు గాలి లేవకముందే, పదకొండింటికి పూర్తి చేశాను. సరంగుగారు తాటాకు చాప గాలికి అడ్డంగా పట్టుకుని, నేను ఒక్కొక్క అక్షరం జరిగినప్పుడల్లా తానూ జరిగారు. ఆరంగుళాల ఎత్తు, మూడు పంక్తులు, ముప్ఫై ఒక్క అక్షరాలు. "భై" దగ్గర ఐత్వం కోసం భుజం తిప్పుతుంటే బావగారు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. ఆఖరి "డి" అంచు కోస్తుండగా నీలం డబ్బా తుస్సుమని ఖాళీ అయింది. అక్షరానికి కావలసినంతే ఇచ్చి అయిపోయింది. నా లెక్క అంత కచ్చితంగా ఉన్నందుకు గర్వపడ్డాను. బావగారు వేలితో అంచులన్నీ తడిమి చూసి, "గల్ఫ్‌లో ఉంటే నిన్ను వదలరు" అన్నారు. సరంగుగారు, "ముత్యాల్లా ఉన్నాయండి" అన్నారు. చదువు వచ్చిన ఇద్దరిలో ఒకరు చదవలేదు. రెండోవాడు చదివి నోరు మూసుకున్నాడు.

గురువారం పదికి రెండు నిమిషాలుండగా జీపు వచ్చింది. పది గంటల ట్రిప్పు జనం అప్పటికే పంటెక్కుతున్నారు. ఆఫీసరుగారు ఒడ్డు మీద నిలబడి, కళ్లద్దాలు సవరించుకుని, అందరికీ వినబడేటట్టు చదివారు: "పరిమితి నలభై మందండి."

"ఆయ్" అన్నారు మావయ్యగారు, అలవాటుగా.

"నేను మిమ్మల్ని అనలేదండి. మీ రేకు అంటోంది," అని ఆయన మిగిలిన రెండు పంక్తులూ చదివారు. చదువుతున్నకొద్దీ మావయ్యగారి మొహం నా నీలంరంగుకు దగ్గరవుతూ వచ్చింది.

"ఒరేయ్, ఇదేంట్రా?"

"సరంగుగారు చెప్పింది చెప్పినట్టు మావయ్యగారూ. పొల్లు పోలేదు."

"నేనా అండి?" అని సరంగుగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఆ అండి నేను మీతో అన్నానండి, రేకుతో కాదండి!"

మావయ్యగారు బావగారి వైపు తిరిగారు. "నేను అంచులే చూశానండి," అన్నారు బావగారు, చెప్పుల వైపు చూస్తూ.

ఆఫీసరుగారు కాగితాన్నీ రేకునూ మార్చి మార్చి చూసి, "అంతకు మించి ఎక్కరాదని రాసి, అక్షరాలు మీరే ఎక్కువ ఎక్కించారు. ఎన్నో ఏమిటో" అన్నారు.

"మూడండి," అన్నాను. "కాగితంలో ఇరవై ఎనిమిది ఉండాలి, ఇక్కడ ముప్ఫై ఒకటి." (అడిగిన లెక్క చెప్పకుండా ఉండలేకపోవడం నాలో మొదటినుంచీ ఉన్న లోపం.) మావయ్యగారు కళ్లు మూసుకున్నారు. ఆఫీసరుగారు, కాగితంలో ఉన్నది ఉన్నట్టు లేదు గనక తాను సంతకం చేయలేనన్నారు. ఇప్పుడే కోసేస్తానన్నాను, కోయడానికి నీలం లేదు. కొత్త డబ్బా అమలాపురం నుంచి రావాలి. అక్కడికి వెళ్లి వచ్చేసరికి ఆఫీసరుగారు ఉండరు. అంత అందమైన అంచులతో, అంత స్పష్టంగా, నేను పంటును రేవుకు కట్టేశాను. పాత రాతలో తప్పుంటే కనీసం ఎవరికీ కనబడేది కాదు.

సరిగ్గా అప్పుడు గెంతు మాస్టారు వచ్చారు. అవతలి ఒడ్డున బడిలో ఉద్యోగం ఆయనది. పంటు కదిలాక పరుగెత్తుకు వచ్చి, ఎంతమంది ఉన్నా గెంతి ఎక్కడం ఆయన నిత్యకృత్యం. సరంగుగారు ఎన్నిసార్లు కేకలేసినా, పాత రాత చెరగని రోజుల్లో రేకు మీద "రాదు" అని ఎంత గట్టిగా ఉన్నా లెక్కచేసినవారు కాదు. ఆ వేళ నలభై మందీ ఎక్కేశారు, పంటు ఇంకా కదలనే లేదు; అయినా అలవాటు కొద్దీ సంచీ చంకకెత్తి, పంచె పైకి దోపి, గెంతడానికి ఒక కాలు లేపారు. ఎదురుగా ఆరంగుళాల తెల్లటి అక్షరాలు. మాస్టారు కదా, చదవకుండా ఉండలేకపోయారు. పైకే చదివారు: "అంతకు మించి ఎక్కరాదండి." చదివి, "ఆయ్" అని, లేపిన కాలు దించి, ఒడ్డునే నిలబడిపోయారు. పంటు మీద ఒకావిడ మూడో పంక్తి వైపు మెడ వంచి చూసి, గబుక్కున కొడుకు చెయ్యి పట్టుకుంది.

"పదకొండేళ్లలో ఇది మొదటిసారండి," అన్నారు సరంగుగారు, చుక్కాని వదిలేసి.

ఆఫీసరుగారు మాస్టారి దగ్గరికి నడిచి, "ఎందుకు ఆగిపోయేరండి?" అని అడిగారు.

"అంత మర్యాదగా చెప్పేక ఎలా ఎక్కుతామండీ?" అన్నారు మాస్టారు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

ఆఫీసరుగారు కాసేపు గోదావరి వైపు తిరిగి నిలబడ్డారు. (భుజాలు కదిలాయి; నవ్వారనే నా నమ్మకం, కాని మొహం చూడలేదు గనక డైరీలో రాయలేదు.) తరువాత జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశారు: "అక్షరములు సుస్పష్టముగా నున్నవి. పంటు నడుపవచ్చును. అధికముగా నున్న మూడక్షరములను తరువాత రంగు వేయునపుడు తొలగింపవలెను."

తొలగించలేదు. మరునాడే నేను నీలం డబ్బా తెచ్చి ఊపుతూ రేవులోకి దిగితే, మావయ్యగారు నా చేతిలోంచి లాక్కున్నారు. "ఆ మూడూ తీశావంటే మాస్టారు మళ్లీ గెంతుతాడు. నువ్వు రాసినవాటిలో పనికొచ్చినవి అవేరా" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు నా డైరీలన్నింటిలో కలిపి నాలుగు, అది మొదటిది.

ఈ కథంతా విని మా అమ్మాయి నమ్మలేదు. నిన్న దాన్ని రాజోలు తీసుకువెళ్లాను. ఆ పంటు ఎప్పుడో మారిపోయింది, కాని పక్క రేకును మావయ్యగారు ఊడదీయించి పీచు కొట్టుకు అడ్డుగోడగా పెట్టించారు. నీలం వెలిసింది, తుప్పు మూలల్లోకి వచ్చింది. అంచులు మాత్రం అలాగే ఉన్నాయి. జేబులోంచి స్కేలు తీసి ఆనించి చూపించాను. వెంట్రుకవాసి చెదరలేదు. "ఎక్కరాదండి"లో ఎకారం కింద ఒకే ఒక్క బొట్టు కారి ఉంది. ఆనాటి పేజీలో "లోపాలు: సున్న" అని ఉంది; ఆ పేజీ రాసిన కుర్రవాడు ఈ బొట్టును చూసే ఉంటాడు. చూసి, రాసుకోలేకపోయి ఉంటాడు. వాడి మీద కోపం రావలసింది, నవ్వు వచ్చింది.

అమ్మాయి వంగి, మూడో పంక్తిని వేలితో దిద్దుతూ పైకి చదివింది: "పిల్లల చేయి వదలరాదండి."

"ఆయ్" అన్నాను, ప్రయత్నం లేకుండానే. చూస్తే దాని ఎడమ చెయ్యి నా చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు.

"సరే నాన్నా," అంది అది, సంచీలో కొత్త డబ్బాను కుడిచేత్తో వెతుక్కుంటూ, "కాస్త వదిలితే రెండు నిమిషాలు ఊపుతాను."

గడియారం చూసి వదిలాను.