కూర్చుని తినాల్సిన ఒక్క పూట

నేను ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు. నా బెంచీలో మిగిలిన ఇద్దరూ మాత్రం కాస్త జరిగి, హాయిగా కాళ్లు చాపుకున్నారట. ఆ బడికి నేను చేసిన ఉపకారం అదొక్కటే. అప్పటి నుంచి ఇప్పటిదాకా పదిమందికి కూర్చునే చోటు చూపించడమే నా బతుకు. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో మాది టెంట్ హౌస్. కుర్చీలు, బల్లలు, షామియానాలు, వంట డేక్సాలు అద్దెకిస్తాం. పెళ్లి మీది, నీడ మాది.

ఈ పనిలో ఒక రివాజు ఉంది. ఓనరు కూర్చోడు. ఇది ఎక్కడా రాసి లేదు, రాసి ఉన్నా నేను చదివేవాణ్ని కాదు. కానీ నేను చూసిన టెంట్ హౌస్ ఓనర్లందరూ నిలబడే తింటారు. ఆఖరి బంతి లేచాక, పొయ్యిల దగ్గర, ఒక చేతిలో ప్లేటు, చెవికీ భుజానికీ మధ్య ఫోను. మేం కూర్చుంటే అక్కడ చుట్టానికి ఒక కుర్చీ తక్కువైనట్టు లెక్క. ఈ జబ్బు నాతోపాటు మల్కాజ్‌గిరిలోని మా ఇంటికీ వచ్చింది. వంటింటి గడపలో నిలబడి, బండి తాళంచెవి వేలికి తగిలించుకుని, నాలుగు ముద్దలు మింగి బయటపడతాను. మా ఆవిడ బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని తింటుంది. మా బల్లకు నాలుగు కుర్చీలు. వాటిలో నా కుర్చీ మీద ఇస్త్రీ బట్టలు కూర్చుంటాయి.

మొన్న మూఢం వచ్చింది. ముహూర్తాలు లేని రోజుల్లో ఊరంతా పెళ్లిళ్లు ఆగుతాయి, మా గోడౌన్‌లో ఎలుకలు పెళ్లిళ్లు చేసుకుంటాయి. అదను చూసి మా అమ్మాయి ఫోన్‌లోనే ఏదో నొక్కి, విశాఖ అవతల సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో మాకు మూడు రోజులు గది తీసుకుంది. తిండి, పానకం, ఆటపాటలు అన్నీ అందులోనే కలిపి ఉన్నాయట.

రైలెక్కే ముందు మా ఆవిడ సూట్‌కేసు జిప్పు లాగుతూ షరతు పెట్టింది.

"పెండ్లయి ఇరవై ఆరేండ్లాయె. నా ఎదురుంగ కూసొని ఒక్క పూట నిమ్మళంగ తిన్నవా? నాకు సముద్రం గిముద్రం ఏం వద్దు. గా మూడు రోజులల్ల ఒక్క పూట. షురూ నుంచి ఆఖరి దాంక. నడుమ లెవ్వద్దు."

"గంతేనా! మూడు రోజులు కూసునే ఉంటా, సూడు."

"ఒక్క పూట అన్న. ఎక్కువ ఆశ పెట్టకు."

రిసార్టు గేటు దగ్గర ఒకామె మాకు గవ్వల దండలు వేసింది. ఇంకొకాయన గ్లాసులో నీలం రంగు నీళ్లు ఇచ్చాడు. అది స్వాగత పానీయమట. మా గోడౌన్‌లో మరకలు తీసే మందుకు కూడా అదే రంగు, కాకపోతే దాని వాసన కాస్త నయం. తర్వాత మా ఇద్దరి మణికట్లకూ ప్లాస్టిక్ పట్టీ బిగించారు. పెళ్లి కంకణాన్నయినా విప్పుకోవచ్చు, దీన్ని మాత్రం పోయేరోజు కత్తెరతో కోయాల్సిందే. టై కట్టుకున్న మేనేజరు, నోరారా గోదావరి యాసతో వివరించాడు.

"ఈ బ్యాండు ఉంటే చాలండి సార్. ఏదైనా, ఎన్నిసార్లయినా తినొచ్చండి."

"కూసొని తినొచ్చా?" అని అడిగింది మా ఆవిడ.

"అయ్యో, అదేం మాటండి మేడమ్! తప్పకుండానండి."

"గదే జెర ఈయనకు గట్టిగ చెప్పు తమ్మీ."

గదికి 'సముద్ర దర్శనం' అని పేరు. బాల్కనీ చివర నిలబడి, ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని, మెడ ఎడమకు వంచితే ఏసీ డబ్బాకూ కొబ్బరిచెట్టుకూ మధ్య జానెడు సముద్రం కనిపించింది. మంచం మీద తువాలును హంసలా మడిచి పెట్టారు. హంస చెదిరిపోతుందని మా ఆవిడ నన్ను మంచం మీద కూర్చోనివ్వలేదు. చూశారా, కూర్చోకపోవడంలో తప్పంతా నాది కాదు.

మొదటి రోజు మధ్యాహ్నం భోజనాల హాల్లోకి వెళ్లాం. మా ఆవిడ కిటికీ పక్క బల్ల చూసింది. ఇద్దరం కూర్చున్నాం. నేను నిజంగా కూర్చున్నాను. కానీ నా కళ్లు కూర్చోలేదు. ప్లేట్లన్నీ వరస చివర పెరుగన్నం పక్కన పెట్టారు. ప్లేటు తీసుకుని అటు నుంచి వచ్చేవాళ్లు, ప్లేటు కోసం ఇటు నుంచి వెళ్లేవాళ్లు బిర్యానీ దగ్గర ఢీకొంటున్నారు. అంత చదువుకున్నవాళ్లు పెట్టిన హోటల్లో వరస ఎటు నడవాలో చెప్పే మనిషి లేడు.

"పెరుగు తెచ్చుకుంటా" అని లేచాను.

అబద్ధం కాదు, పెరుగు దాకా వెళ్లాను. అక్కడ ప్లేట్ల బల్లను ఈ చివరకు జరిపించాను. వరస తిన్నగా కదిలింది. ఆ సంతోషంలో ఉండగా ఎలా వచ్చిందో తెలియదు, నా చేతిలో గరిటె ఉంది. నేను పప్పు వడ్డిస్తున్నాను. ఎదురుగా ప్లేటు పట్టుకున్న తెల్లమీసాల పెద్దాయన నన్ను తేరిపార చూశాడు. సైనిక్‌పురిలో ఉండే రిటైర్డ్ ఆఫీసరు. ఆయన మనవడి పుట్టినరోజుకు టెంటు నేనే వేశాను.

"ఏమయ్యా, ఇక్కడ కూడా కాంట్రాక్టు నీదేనా?"

"లేదు సార్, చుట్టంగ వచ్చిన."

"బాగుంది. అయితే ఇంకో గరిటె వెయ్యి."

తిరిగి వచ్చేసరికి మా ఆవిడ చేయి కడుక్కుని వచ్చి, సోంపు నములుతోంది.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర పక్క బల్లవాళ్ల కుర్చీ ఒకటి ఊగుతోంది. ఊగే కుర్చీ చూస్తే నాకు పన్ను నొప్పిలాంటిది వస్తుంది. కాగితం రుమాలు మడిచి దాని కాలి కింద పెట్టి వచ్చేసరికి నా దోసె చల్లబడింది, మా ఆవిడ వేడెక్కింది. పదకొండింటికి ఆటలు పెట్టే అమ్మాయి మైకు పట్టుకుని అందర్నీ కుర్చీలాటకు లాగింది. పాట ఆగింది. నేను కూర్చోవాల్సిన కుర్చీ వీపు విరిగి ఉందని వంగి చూస్తుండగా దాంట్లో ఇంకొకాయన కూర్చున్నాడు. జీవితమంతా కుర్చీల మధ్య గడిపినవాణ్ని, మొదటి రౌండులోనే అవుట్. రెండో రోజు మధ్యాహ్నం కూడా ఏదో వంకతో లేచాను. ఆ వంక ఏమిటో చెప్పను, పరువు కొంచెమైనా మిగలాలి.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ తిట్టలేదు. దానికే నాకు భయమేసింది. గదిలోకి వచ్చి, హంసను తీసి పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుంది.

"ఇంట్ల ఖాళీ కుర్చీ ఉండె. గీడ గూడ ఎదురుంగ ఖాళీ కుర్చే. గిది సూడనీకి గింత దూరం రావాల్నా?"

నేను హంస వంగిన మెడను సరిచేయబోయాను.

"ఇయ్యాల సాయంత్రం సముద్రం ఒడ్డున బువ్వ పెడ్తరట," అంది. "షామియానా కింద, ఇద్దరిద్దరికి ఒక బల్ల. పేరు రాయించిన. రేపు పొద్దుగాల్నే రైలు. గిదే ఆఖరిది."

"ఒట్టు. లెవ్వ."

ఆమె కునుకు తీసింది. నేను ఆలోచనలో పడ్డాను. నేను ఎందుకు లేస్తాను? ఏదో ఒకటి సరిగ్గా లేనందుకు లేస్తాను. అన్నీ ముందే సరిచేస్తే ఇక లేవాల్సిన అవసరం ఏముంది? ఇంత తెలివైన ఆలోచన ఏడో తరగతి వాడికి వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకుని, చెప్పులు చేతపట్టుకుని ఇసుకలోకి నడిచాను.

షామియానా వేసి ఉంది. కానీ ఎలా వేశారు! తాళ్లన్నీ వదులు. గుడ్డ మధ్యలో ముసలి ఆవు పొట్టలా వేలాడుతోంది. అంచులు టపటపా కొట్టుకుంటున్నాయి. మా కుర్రాళ్లు ఎవరైనా ఇలా కడితే ఆ రోజే ఇంటికి పంపేవాణ్ని. కట్టిన పెద్దాయన పక్కనే పడవ మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పక్క పల్లెలో చేపలు పట్టే మనిషట, రిసార్టులో కూడా పని చేస్తాడట.

"పెద్దాయనా, జెర బిగియ్యరాదే? సూడనీకి మంచిగ లేదు."

"ఒదుల్గానే ఉండాల బాబూ. గాలొస్తాది. గుడ్డ ఊగితే గాలి ఎలిపోద్ది."

"నేను నలభై ఏండ్ల సంది గిదే పని చేస్తున్న."

"ఎక్కడ బాబూ?"

"సికింద్రాబాద్‌ల."

ఆయన సముద్రం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి టీ తాగడానికి వెళ్లాడు. మా గల్లీల్లో గాలి రావాలంటే రెండు అపార్ట్‌మెంట్ల మధ్య నుంచి పర్మిషన్ తీసుకుని రావాలి. ఆ గాలికి కట్టినట్టే, ఎనిమిది తాళ్లూ లాగి బిగించాను. గుడ్డ డప్పులా నిలిచింది. అంచులు కూడా కిందికి దింపి గుంజలకు కట్టేశాను. వేలితో కొడితే మోగింది. ఇక సాయంత్రం నిశ్చింతగా తినొచ్చు అనుకున్నాను.

ఎండ వాలుతున్నప్పుడు వెళ్లి కూర్చున్నాం. మా ఆవిడ కొత్త చీర కట్టింది. నన్ను కదలనివ్వకుండా తనే రెండు ప్లేట్లూ తెచ్చింది. చేపల పులుసు, అన్నం, వంకాయ, అప్పడం. నేను కాళ్లు బల్ల కింద ముడిచి పెట్టుకున్నాను. ఒక ముద్ద తిన్నాను. ఊగే కుర్చీ లేదు. రెండో ముద్ద తిన్నాను. వరస తిన్నగా ఉంది. మా ఆవిడ నన్నే చూస్తోంది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

ఎన్నేళ్లయిందో ఆ మాట నన్ను కూర్చోబెట్టి అడిగి. "మంచిగుంది" అని మూడో ముద్ద ఎత్తాను.

అప్పుడు సముద్రం గట్టిగా ఊపిరి వదిలింది. బిగించిన గుడ్డ ఒక్కసారి ఉబ్బింది, లోపల చిక్కిన గాలికి పోయే దారి లేదు, ఎందుకంటే దారులన్నీ నేనే మూశాను. తాళ్లు ఇసుకలోంచి మేకులతో సహా పీక్కుని వచ్చాయి. షామియానా మొత్తం పెళ్లికూతురి మేలిముసుగులా మెల్లగా లేచి, మా అందరి తలల మీదుగా ఎగిరి వెళ్లి, గులాబ్ జామూన్ల మీద వాలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పులుసు మాత్రం చాలామందికి తగిలింది.

మేనేజరు పరుగున వచ్చాడు. చుట్ట పెద్దాయన నింపాదిగా వచ్చి, ఒక తాడు చివర ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ ముడి నాది కాదు బాబూ."

సైనిక్‌పురి ఆఫీసరు మీసానికి అంటిన పులుసు తుడుచుకుంటూ ఆ తాడు కొస చూశాడు. "ఈ ముడి నేనెరుగుదును. మా డాబా మీద మూడు రోజులు విప్పలేక చివరికి కోశాం" అని, నా వైపు చెయ్యి చూపించాడు.

పెళ్లిపీటల మీద కూడా నన్ను అంతమంది ఒకేసారి చూడలేదు.

"నేనే," అన్నాను. "మంచికే చేసిన."

భోజనాలు హాల్లోకి మార్చారు. నేను అలవాటుకొద్దీ నాలుగు కుర్చీలు ఎత్తుకుని బయల్దేరాను. మేనేజరు వచ్చి వాటిని నా చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"సార్, దండం పెడతానండి. మీరు కూర్చోండి. ఏం కావాలన్నా మేం తెస్తామండి. మీరు మాత్రం లేవకండి."

నా కుర్చీకి అటొకరు ఇటొకరు ఇద్దరు వెయిటర్లను నిలబెట్టాడు. నేను నీళ్ల జగ్గు వైపు చెయ్యి చాపితే కుడివైపు మనిషి పోశాడు. మెడ తిప్పి ఏసీ వైపు చూస్తే ఎడమవైపు మనిషి "అది బానే ఉందండి" అన్నాడు. ఎదురుగా మా ఆవిడ కొత్త చీర మీద పులుసు మరకతో, చాలా నిమ్మళంగా, అన్నం, పెరుగు, పండ్లు, రెండు ఐస్‌క్రీములు తింది. మధ్యలో పిన్ని కూతురి సంసారం గురించి, మా మేడ మీద కట్టాల్సిన తులసికోట గురించి చెప్పింది. అవన్నీ నేను మొదటిసారి వింటున్నాను. నేనూ ఆఖరి దాకా తిన్నాను. లేవలేదు.

మర్నాడు సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో ఎక్కి కూర్చున్నామో లేదో, అమ్మాయి ఫోన్ చేసింది. మా ఆవిడ స్పీకర్ పెట్టింది.

"నానా, అమ్మ ముందట కూసొని తిన్నవా?"

నాకు ధైర్యం వచ్చేసింది. "తిన్న బిడ్డా. ఒక్క పూట, మొత్తం పూట. ఆఖరి దాంక లెవ్వలే. కావాల్నంటే మీ అమ్మనే అడుగు. నేను మాటిచ్చిన్నంటే గంతే."

మా ఆవిడ ఫోను తన వైపు తిప్పుకుంది.

"మీ నాయిన యాడ కూసున్నడే? ఆళ్లు కూసోబెట్టిన్రు. అటొకడు ఇటొకడు కావలి ఉంటే తిన్నడు. ఇగ ఇంట్ల కావలికి ఇద్దర్ని నేను యాడికెల్లి తేవాలె?"