సాక్సుల్లో ఒడిబియ్యం

ఇప్పుడు డిసెంబరు వస్తే పత్తర్‌గట్టి బజారులో ఫుట్‌పాత్ మీద కూడా ఎర్ర టోపీలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఆ రోజుల్లో మా మొఘల్‌పురా గల్లీలో క్రిస్మస్ అంటే గుంటూరు మేడం ఇంటిముందు వేలాడే కాగితపు నక్షత్రం ఒక్కటే. (లోపల బల్బు కూడా ఉండేది, వోల్టేజీయే ఉండేది కాదు.) ఆ రోజులు బంగారు రోజులని ఎవరైనా అంటే వాళ్లకో దండం. నావి మాత్రం ఇత్తడి రోజులు, రోజూ చింతపండు పెట్టి తోమితేనే మెరిసేవి.

నా మొగుడు పోయేనాటికి నాకు ఇరవై మూడేళ్లు, పిల్లకు రెండేళ్లు. మొగుడు పోతే మనిషి మారదు గానీ చెయ్యి మారిపోతుంది. మొన్నటిదాకా పసుపు దంచడానికి రమ్మన్న చేతినే, పక్కింట్లో పెళ్లి అనగానే కొంగు కింద దాచుకోమంటారు. (అదే చేత్తో ఆ పెళ్లి అంట్లన్నీ తోమితే మాత్రం ఏ గిన్నెకూ అరిష్టం తగలదు.) ఏడాది పాటు అంట్లు తోమాక గుంటూరు మేడం స్కూల్లో ఆయా పని దొరికింది. ఆమె కోస్తా నుంచి వచ్చి, ఒక పాత ఇంట్లో నాలుగు గదులు తీసుకుని ఇంగ్లీషు మీడియం పెట్టింది. గంట కొట్టడం, ముక్కులు తుడవడం, నిక్కర్ల బొందులు విప్పడం నా ఉద్యోగం. "క్రిస్మస్ దాకా చూస్తానమ్మా, బాగా చేస్తే పర్మనెంటు చేస్తాను" అంది. నా పిల్లకు అక్కడే ఫీజు లేకుండా ఎల్కేజీ. అంటే ఉద్యోగం పోతే పిల్ల చదువు కూడా దాని వెనకే పోతుంది.

సెలవులకు రెండు రోజులముందు మేడం నన్ను పిలిచి రెండు వందలు చేతిలో పెట్టింది. గదిలో ఈ గోడనుంచి ఆ గోడకు తాడు కట్టి ఉంది. దానికి బట్టల క్లిప్పులతో ముప్పై ఆరు తెల్ల సాక్సులు. పిల్లలు తలా ఒకటి ఇంటినుంచి తెచ్చారు. సగం ఉతికినవి, మిగతా సగం ఎవరెవరివో నేను కళ్లు మూసుకుని చెప్పగలను.

"ఎల్లుండి లెక్కల మాస్టారు క్రిస్మస్ తాత వేషం వేసుకుని వస్తారు. పిల్లలు సాక్సులు తీసుకుంటారు. ఒక్కటీ బోసిగా వేలాడకూడదమ్మా, నిండుగా కనపడాలి" అంది మేడం.

"ఏం నింపాలె మేడం?"

"మీ ఇళ్లల్లో శుభానికి ఏం పెడతారో అవే పెట్టు. చాక్లెట్లు మాత్రం మర్చిపోకు. నాకు కేకు పని ఉంది" అని వెళ్లిపోయింది.

పత్తర్‌గట్టి పక్క సందులో చాక్లెట్ల చచ్చా దగ్గరికి పోయి, "చచ్చా, ముప్పై ఆరు మంది పిల్లలు, జర చూసి చెప్పు" అన్నాను. ఆయన నా రెండు వందలను వెలుగుకు ఎత్తి చూశాడు. "అమ్మా, గింతల నా ఒక్క మనుమనికే ఈద్ గాదు. నువ్వు ముప్పై ఆరు మందికి చేస్తవా? మస్తు ధైర్యమున్నది నీకు!" అన్నాడు. చివరికి తలా రెండు చాక్లెట్లు, రంగు పోయిన ఒక విజిల్, ఒక ఎండు ఖర్జూరం వచ్చాయి.

స్కూలుకు తెచ్చి ఒక సాక్సులో వేసి చూస్తే అన్నీ వేళ్ల దగ్గరే ఆగిపోయాయి. పైనంతా పాలు పిండేసిన పొదుగులా జారిపోయి ఉంది. నిండుగా కనపడాలంటే ఏం చెయ్యను? శుభానికి నిండుగా నింపేది మా ఇళ్లల్లో ఒక్కటే ఉంది. ఆడపిల్ల పుట్టింటినుంచి బయలుదేరేటప్పుడు పసుపు, నూనె కలిపిన బియ్యం కొంగులో పోసి పంపుతాం కదా, ఒడిబియ్యం. ఇంట్లో రేషన్ బియ్యం ఉన్నాయి. అయితే అవి ముత్తైదువలే పొయ్యాలి, నాలాంటిది దరిదాపుల్లో ఉండకూడదు. కాసేపు ఆలోచించాను. ఇది ఒడి కాదు, సాక్సు. పండగ మన దేవుడిది కాదు, మేడం దేవుడిది. ఆయన పుస్తకంలో మొగుడు పోయినవాళ్ల చేతుల గురించి ఏం రాసి ఉందో నేను చదవలేదు. (నాకు చదువే రాదు, ఆ రోజు అదే కలిసొచ్చింది.) ఆ రాత్రి ఇంట్లో తలుపు గడియ పెట్టి, తలస్నానం చేసి, అయిదు శేర్ల బియ్యం కలిపాను. చేతులు పచ్చగా అయ్యాయి. ఎంతసేపు కడగకుండా చూసుకున్నానో చెబితే మీరు నవ్వుతారు.

మర్నాడంతా ఒక్కొక్క సాక్సునూ నింపాను. పండగ పొద్దున వచ్చి చూస్తే తాడు మీద ముప్పై ఆరు పచ్చకామెర్ల కాళ్లు! నూనె, పసుపు తెల్ల నూలులోంచి బయటికి నడిచి వచ్చేశాయి. మేడం గుండె మీద చెయ్యేసుకుని, "ఏంటమ్మా ఇది?" అంది.

"నిండుగున్నయి మేడం" అన్నాను.

ఇంకో మాట అనేలోపు తల్లులూ నాయనమ్మలూ వచ్చేశారు. లెక్కల మాస్టారు దూది గడ్డంతో చేతులూపాడు. పిల్లలు తాడు మీద పడ్డారు. చాక్లెట్లేమో అడుగున, బియ్యమేమో పైన. నింపేటప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. ముప్పై ఆరు సాక్సులూ ఒక్కసారి తలకిందులయ్యాయి. ఒక పిల్లగాడు తన సాక్సును పక్కనున్న పిల్ల నెత్తిన గుమ్మరించాడు. వాడి తల్లి బురఖాలోంచి పడీ పడీ నవ్వుతూ, "అరే, మా వానికి షాదీ అయిపోయిందమ్మో!" అంది. దూది గడ్డం తాత బియ్యం మీద జారి కూర్చున్నాడు. విజిళ్లు మోగుతూనే ఉన్నాయి.

"తొక్కకుండ్రి! బియ్యం తొక్కకుండ్రి!" అంటూ బర్ల అవ్వ నేల మీద చతికిలబడింది. ఆరు బర్రెలున్న మనిషి, గల్లీలో సగం ఇళ్లకు ఆమె పాలే. రూపాయి బిళ్లంత బొట్టు. ఏ పెళ్లైనా మొదటి ఒడిబియ్యం ఆమే పొయ్యాలి. మనవరాలి కోసం వచ్చింది. గబగబా బియ్యం కొంగులోకి ఎత్తుతూ, పసుపు వాసన చూసి ఆగింది. "గివి ఒడిబియ్యం గదనే! ఎవలు కలిపిండ్రు?"

పిల్లలంతా ఒక్క వేలై నన్ను చూపించారు.

"నువ్వా! మొగడు సచ్చినదానివి, పచ్చటి పోరగాండ్లకు ఒడిబియ్యం పోస్తవానే? సిగ్గున్నదా నీకు?" తిట్టడం నోటి పని, ఎత్తడం చేతి పని. రెండూ ఆగలేదు.

"అవ్వా, ఒడిల పొయ్యలే, సాక్సుల పోసిన. అరిష్టమొచ్చినా మోకాలు దాటది" అన్నాను.

తల్లులు కిసుక్కుమన్నారు. అవ్వ మేడం వైపు తిరిగింది. "మేడం, దీన్ని ఇయ్యాల్నే ఎల్లగొట్టు. లేకుంటె మా పిల్ల రాదు. నా పాలు తాగే ఇండ్లల్లకెంచి ఒక్క పిల్ల రాదు."

సగం స్కూలు ఆ మాటలో ఉంది. మేడం ముఖం పాలిపోయింది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పని మాన్పించేముందు అందరిళ్లల్లోనూ అలాగే చూస్తారు, పాపం, బాధగానే. మూలన నా పిల్ల పచ్చటి సాక్సు చేతికి తొడుక్కుని విజిల్ ఊదుతోంది. అవ్వ కాళ్లు పట్టుకుందామని కిందికి వంగాను. వంగితే అవ్వ కొంగు కనపడింది.

"అవ్వా, జర నీ ఒడిల చూసుకో" అన్నాను.

చూసుకుంది. పచ్చటి బియ్యం, ఖర్జూరాలు, మధ్యలో ఒక విజిల్. శాస్త్రం ప్రకారం, నిండుగా. కలిపింది నేను, పట్టుకుంది ఆమె. ఒడిన పడ్డ బియ్యం కింద పోస్తే అరిష్టం, అందరూ చూస్తున్నారు. ఉంచుకోవాలంటే అవి నా చెయ్యి కలిపినవి. ఆమె చెయ్యి మెల్లగా బొట్టు మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే గేటు బయట సైకిల్ పట్టుకున్న అవ్వ మొగుడు, బర్ల తాత, "అయిందానే? బర్లను పిండే యాళ్లాయె!" అని దగ్గాడు. అవ్వ ఆయన్ను నెత్తినుంచి చెప్పుల దాకా చూసింది, ఏమైనా తక్కువైందేమో అన్నట్టు. ఏమీ తక్కువ కాలేదు. బీడీ కూడా ఆరలేదు.

అవ్వ కొంగు ముడేసుకుని లేచింది. "నీ నోరు మంచిది గాదే" అని నాతో అని, మేడంతో, "బడి మళ్ల ఎన్నడు?" అంది.

"జనవరి మూడునండీ."

"పంపిస్త."

ఇంకేం ఫిర్యాదు చేస్తుంది? చేస్తే ముందు ఎవరి ఒడి నిండిందో చెప్పుకోవాలి.

అందరూ పోయాక మేడం నన్ను కూర్చోబెట్టి, ఒడిబియ్యం అంటే ఏమిటి, ఎవరు పొయ్యాలి, ఎవరు పొయ్యకూడదు అని అడిగింది. చెప్పాను. లేచి తాడు మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీసింది. తర్వాత, "ఇంతకీ ఆ సాక్సులు తెల్లబడతాయా?" అంది. తెల్లబడలేదు. మార్చి దాకా పిల్లలు ఒక కాలు తెలుపు, ఒక కాలు పసుపుతో బడికి వచ్చారు, నేను పర్మనెంటు గంట కొట్టాను.

బర్ల తాత ఆ తర్వాత పదహారేళ్లు బతికాడు, బర్రెలను తిట్టుకుంటూ. అవ్వే ముందు పోయింది, కోరుకున్నట్టే నిండు పసుపు కుంకుమలతో. బతికున్నన్నాళ్లలో నా చెయ్యి మంచిదేనని ఒక్కసారి ఒప్పుకుంటే ఆమె సొమ్మేం పోయేది? ఒప్పుకోలేదు. నాకు పోసే పాలలో నీళ్లు మాత్రం తగ్గించింది. ఇప్పుడు నన్నెవరైనా ఏమన్నా అంటే జవాబు మూడో రోజుకు గానీ తట్టదు. వంగి కాళ్లు పట్టుకోబోయి కూడా మాట విసిరిన ఆ ఇరవై నాలుగేళ్ల పిల్లను తలుచుకుంటే, పక్కన కూర్చుని కాసేపు దాని మాటలు వినాలనిపిస్తుంది. వినడం తప్ప ఏం చేస్తాను, అది నన్ను ఎక్కడ మాట్లాడనిస్తుంది!